వరంగల్ గల్లీల నుంచి ప్రో ఫుట్‌బాల్ డిఫెండర్ దాకా: ఏం నేర్వాలె, ఎట్ల పోవాలె

ప్రతి ఎండాకాలం సెలవులల్ల పొద్దున ఐదున్నరకు హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి దిక్కు నుంచి పిల్లలు నా దగ్గర ఫుట్‌బాల్ నేర్వనీకె గ్రౌండుకు వస్తరు. మొదటిరోజు నిలబెట్టి ఎవరు ఎక్కడ ఆడతరు అని అడిగితే ముప్పై మందిల ఇరవై ఐదు మంది ఫార్వర్డ్ అంటరు, అంటే ముంగట ఉండి గోల్ కొట్టేటోడు, మిగిలిన నలుగురైదుగురు మెల్లగ "ఎక్కడైనా ఆడత సార్" అంటరు. నేను ముందుగాల ఆ ఐదుగురినే చూస్త. మన దగ్గర ఇంకా ఆట రానోన్ని ఎనుక నిలబెట్టే అలవాటు పోలేదు, కానీ పైకి పోయినకొద్దీ మంచి డిఫెండర్, అంటే ఎనుక ఉండి గోల్ కాకుండ ఆపేటోడు, దొరుకుడు కష్టం, అందుకే అవకాశం కూడా అక్కడనే ఉంటది. పదేండ్ల నుంచి పదహారేండ్ల లోపల ఉన్న పిల్లలకు, వాళ్ల అమ్మానాయినలకు ఉపయోగపడాలని నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్న, జర పెద్దగనే ఉంటది, ఓపికతోని చదువుండ్రి.

ఎత్తు తక్కువ అని ఆగొద్దు

అందరు అడిగే మొదటి ప్రశ్న ఇదే. సెంటర్ బ్యాక్‌కు (గోల్ ముంగట నడుమ నిలబడే డిఫెండర్) ఎత్తు ఉంటే మంచిదే, అబద్ధం చెప్ప. కానీ 2006ల వరల్డ్ కప్ గెలిచిన ఇటలీ కెప్టెన్ ఫాబియో కన్నవారో ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలే, ఆ ఏడే ప్రపంచంల బెస్ట్ ప్లేయర్‌కు ఇచ్చే బాలన్ డి ఓర్ కూడా ఆయనకే వచ్చింది. జర్మనీ ఫుల్ బ్యాక్ (సైడ్‌ల ఆడే డిఫెండర్) ఫిలిప్ లామ్ అంతకన్నా పొట్టి, ఆయన 2014ల కప్పు ఎత్తిండు. ఎత్తు మన చేతుల లేదు, కానీ బాల్ ఎక్కడ పడతదో రెండు అడుగుల ముందే కనిపెట్టుడు నేర్చుకోవచ్చు.

మనకు ఇది కొత్త ఆట కూడా కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ టీమును తయారు చేసిన రహీం సాబ్ స్కూల్ టీచరు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో ప్లేస్‌ల నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల గోల్డ్ కొట్టింది. మన హైదరాబాద్ డిఫెండర్ అజీజుద్దీన్ 1952, 1956 రెండు ఒలింపిక్స్ టీముల్ల ఉన్నడు. ఇగ జర్నైల్ సింగ్ సంగతి పిల్లలకు నేను ప్రతి ఏడూ చెప్త. ఆయన డిఫెండర్, జకార్తాల తలకు దెబ్బ తాకి కుట్లు పడ్డయి, రహీం సాబ్ ఆయనను ముంగట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడిపిచ్చిండు, కొరియా మీద ఫైనల్ల గోల్ కొట్టిండు, 2-1తోని గెలిచినం. తలకు దెబ్బ తాకినంక ఆడాలె అని మాత్రం ఈ కథ చెప్త లేను, దాని గురించి కింద రాసిన.

మొదటి పని: కిందపడకుండ నిలబడుడు

ఒక్కటే విషయం చెప్పుమంటే నేను ఇదే చెప్త. ఎందుకు ఇంత పట్టుబడతనో చెప్తే అర్థమైతది. నాకు పంతొమ్మిదేండ్లు, కాజీపేటల ఒక ఫైనల్, స్కోర్ సున్నా సున్నా, ఇంకో ఐదారు నిమిషాలైతే అయిపోతది. వాళ్ల రైట్ వింగర్ (కుడి సైడ్ నుంచి ఉరికేటోడు) బాల్ పట్టుకొని నా మీదికి వచ్చిండు, కుడి దిక్కు ఒకసారి భుజం ఊపిండు, నేను బాల్ పోతది అనుకొని కాలు చాపి కింద దూకిన, బాల్ అక్కడ లేదు, కాలి ముందు ఎముకకు కట్టుకునే వాని షిన్ గార్డ్ తాకిన చప్పుడు మాత్రం ఇనవడ్డది. పెనాల్టీ. ఓడిపోయినం. తొడ పొడుగునా మొరం గీసుకపోయి మంట మంట, బయట కూసొని నీళ్లు పోసుకుంటుంటే ఒక పెద్దమనిషి వచ్చి పక్కన కూసున్నడు, రైల్వేల పనిచేసి రిటైర్ అయిండు, ఒకప్పుడు ఆడినాయన. దెబ్బ చూసిండు, పేరు అడిగిండు, "బాల్ వాని దగ్గర ఉంటే తొందర వానిది బిడ్డా, నీకేం తొందర?" అన్నడు. నాకు డిఫెండింగ్ అంటే ఏందో ఆ రోజు తెలిసింది.

ఇగ ఎట్ల చేయాలెనో చూడుండ్రి. ఎదుటోడు బాల్ తోని వస్తుంటే మొదలు వాని దిక్కు జోరుగ ఉరకాలె, కానీ రెండు మూడు మీటర్లు ఉన్నదనంగ చిన్న చిన్న అడుగులేసి స్పీడ్ తగ్గించాలె, ఉరికి ఉరికి అదే స్పీడ్‌ల మీదపడితే ఒక్క టచ్‌తోని దాటిపోతడు. తర్వాత వానికి ఎదురుగ చదునుగ నిలబడొద్దు, ఒక కాలు ముందుకు ఒక కాలు ఎనుకకు పెట్టి పక్కకు తిరిగి నిలబడాలె, మోకాళ్లు వంచి, బరువు మునివేళ్ల మీద. మడిమల మీద నిలబడ్డోడు తిరిగేలోపట వాడు గోల్ దగ్గర ఉంటడు. దూరం ఒక చెయ్యి చాపినంత కన్నా జర ఎక్కువ. చూపు బాల్ మీద, వాని కాళ్ల మీద కాదు, కళ్ల మీద అసలే కాదు, ఎందుకంటే భుజాలు కళ్లు మోసం చేస్తయ్, బాల్ చేయది.

నువ్వు ఏ దిక్కు మూస్తవో వాడు రెండో దిక్కు పోతడు, కాబట్టి వాన్ని ఎటు పంపాలె అనేది నువ్వు డిసైడ్ చెయ్యాలె. మామూలుగ సైడ్‌లైన్ దిక్కు, లేకుంటే వానికి రాని కాలు దిక్కు. అట్ల ఎనుకకు జరుగుకుంట జరుగుకుంట పోతుంటే ఎక్కడో ఒకకాడ వాడు బాల్‌ను జర దూరం కొడతడు. అప్పుడు పెట్టాలె కాలు. ఆ ఒక్క టచ్ కోసం పది సెకన్లు ఆగుడు పిల్లలకు మస్తు కష్టం, మొదటి నెల అందరు దూకుతరు. మేము పది మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు గీత గీసి ఒకరి మీద ఒకరిని ఆడిపిస్తం, డిఫెండర్ చేతులు ఎనుకకు కట్టుకోవాలె, మొదటి వారం బాల్ గుంజుకునుడు లేదు, వాడు దాటకుండ ఆపుడే. రెండో వారం నుంచి గుంజుకోవచ్చు. ఈ పద్ధతి తోని జెర్సీ పట్టి గుంజే అలవాటు కూడా పోతది.

స్లైడ్ టాకిల్, అంటే కింద జారుకుంట కాలు చాపి బాల్ తీసుకునుడు, నేర్పుమని అందరు అడుగుతరు, యూట్యూబ్‌ల బాగ కనవడతది కదా. నేర్పుత, కానీ వానకాలంల, గడ్డి తడిగ ఉన్నప్పుడే. మన గట్టి మొరం గ్రౌండుల మీద వద్దు. అది ఆఖరి ఆయుధం, కింద పడ్డంక రెండు సెకన్లు నువ్వు ఆటల లేనట్టే లెక్క.

మెడ తిప్పుడు, నోరు తెరుసుడు

బాల్ దగ్గర ఉన్నప్పుడు డిఫెండర్‌ను చూసి మంచోడు అనుకుంటరు, కానీ స్కౌట్‌లు (క్లబ్బుల కోసం ప్లేయర్లను ఎతికేటోళ్లు) చూసేది బాల్ దూరంగ ఉన్నప్పుడు వీడు ఏం చేస్తున్నడు అని. మెడ తిప్పుతున్నడా లేదా, ఎనుక ఎవడు తిరుగుతున్నడో తెలుసా లేదా. దీనికి ఒక ప్రాక్టీస్ ఉంది, ఇద్దరు పాస్‌లు ఇచ్చుకుంటుంటే మూడోవాడు ఒకని ఎనుక నిలబడి వేళ్లు లేపుతడు, బాల్ కాలికి రాకముందే ఎనుకకు చూసి ఎన్ని వేళ్లో గట్టిగ చెప్పాలె. రోజు పది నిమిషాలు, మూడు నెలలు చేయుండ్రి.

లైన్, అంటే డిఫెండర్లందరు ఒకే వరుసల ఉండుడు, దాని గురించి ఐతే మేము తాడు కడతం. నలుగురు డిఫెండర్ల నడుముకు ఒకటే తాడు, ఇద్దరి మధ్యల ఎనిమిది పది మీటర్లు. బాల్ ఎడమకు పోతే నలుగురు ఎడమకు, పైకి పోతే నలుగురు పైకి, ఒక్కడు మరిచిపోయి నిలబడితే తాడు గుంజి పక్కోడు పడతడు. మొదటిరోజు నవ్వులే నవ్వులు, వారంలకే తాడు లేకున్నా ఉన్నట్టే కదులుతరు. ఆఫ్‌సైడ్ ట్రాప్ అంటే ఇదే, పాస్ ఇచ్చేటప్పుడు ఎదుటోడు మన లైన్ దాటి ఎనుక మిగిలిపోతే వానికి ఫౌల్, అందుకే నలుగురు ఒక్కసారి పైకి పోవాలె, ఒక్క కాలు ఎనుక ఉన్నా అందరి పని ఖరాబ్.

నోరు లేనోడు సెంటర్ బ్యాక్ కాలేడు. మా దగ్గర సిగ్గుపడే పిల్లలు ఎక్కువ, తండాల నుంచి ఊర్ల నుంచి వచ్చినోళ్లు అసలే మాట్లాడరు. అందుకే మాటలు ముందే ఖాయం చేసుకోవాలె, చిన్నగ, ఒక్క మాటల. మేము వాడేటియి: "లేవ్" అంటే లైన్ పైకి, "దించు" అంటే ఎనుకకు, "ఎనుక" అంటే నీ ఎనుక మనిషి ఉన్నడు, "టైముంది" అంటే తొందర లేదు తిరుగు, "నాది" అంటే నేను తీసుకుంటున్న. పెద్ద టీములకు పోయినంక ఇంగ్లీషుల హిందీల అరవాల్సి వస్తది, అది వారంల వస్తది, అరిచే అలవాటు మాత్రం చిన్నప్పటి నుంచే రావాలె.

తల తోని కొట్టుడు

నుదురు తోని, కళ్లు తెరిచి, మెడ బిగపట్టి. బాల్ వచ్చి తలకు తాకుడు కాదు, నువ్వు పోయి బాల్‌ను కొట్టాలె, డిఫెండర్ హెడర్ ఎప్పుడూ ఎత్తుగ, దూరంగ, సైడ్‌కు పోవాలె. పదేండ్ల లోపు పిల్లలతోని ఇది చేయించకుండ్రి, అమెరికాల ఆ వయసు పిల్లలకు హెడింగ్ మొత్తమే బంద్ పెట్టిండ్రు. తర్వాత కూడా మెత్తటి బాల్ తోని, వారానికి కొన్నే. తలకు గట్టిగ దెబ్బ తాకి కండ్లు తిరిగినా, వాంతికొచ్చినా, మాట తడబడినా ఆ రోజు ఆట ఖతం, డాక్టర్ దగ్గరికి పోవాలె, ఫైనల్ అయినా సరే.

కాళ్లతోని ఆడుడు కూడా రావాలె

ఎనకట డిఫెండర్ అంటే బాల్‌ను గ్రౌండ్ బయటికి తన్నేటోడు. 1992ల గోల్‌కీపర్‌కు ఇచ్చిన బ్యాక్ పాస్‌ను చేతులతోని పట్టొద్దు అని రూల్ వచ్చినప్పటి నుంచి అది మారింది, 2019 నుంచి గోల్ కిక్‌ను బాక్స్ (గోల్ ముంగట గీసిన పెద్ద డబ్బా) లోపలనే అందుకోవచ్చు, దాంతోని ఆట అంతా డిఫెండర్ కాళ్ల దగ్గరనే మొదలైతుంది. గోడ చాలు దీనికి, స్కూల్ కాంపౌండ్ గోడ, రోజుకు కుడి కాలుతోని వంద, ఎడమ కాలుతోని నూటయాభై. ఎడమ కాలు నిజంగ బాగున్నోడు మన దేశంల మస్తు తక్కువ, లెఫ్ట్ బ్యాక్ కోసం ప్రతి టీమ్ ఎతుకుతనే ఉంటది. ఉత్తరప్రదేశ్ బలరాంపూర్ అసొంటి చిన్న ఊరి పిల్లగాడు ఆకాశ్ మిశ్రా లెఫ్ట్ బ్యాక్‌గనే హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చిండు, 2021-22ల ఆ టీమ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది, అక్కడి నుంచి ఇండియా టీముకు ఆడిండు.

ఒక రూల్ బాగ గుర్తుపెట్టుకో

గోల్ పక్కా అనే చాన్స్‌ను ఫౌల్ తోని ఆపితే రెడ్ కార్డ్. కానీ మన బాక్స్ లోపల బాల్ కోసమే నిజంగ ట్రై చేస్తూ ఫౌల్ అయితే పెనాల్టీ, యెల్లో. అదే బాక్స్‌ల చెయ్యితోని గుంజినా, నూకినా పెనాల్టీతో పాటు రెడ్. అంటే కాలు పెట్టినా ఒక్కోసారి బతుకుతవ్, చెయ్యి పెడితే బతకవ్.

ఒళ్లు, తిండి, బూట్లు

సెంటర్ బ్యాక్ ఒక మ్యాచ్‌ల తొమ్మిది పది కిలోమీటర్లు తిరుగుతడు, ఫుల్ బ్యాక్ ఇంకా ఎక్కువ, అందుల చిన్న చిన్న స్ప్రింట్లు ఎక్కువ. కాబట్టి రోజూ వడ్డేపల్లి చెరువు కట్ట మీద మెల్లగ గంటసేపు ఉరుకుడు ఒక్కటే సరిపోదు, పది ఇరవై మీటర్ల స్ప్రింట్లు, ఎనుకకు ఉరికి గిర్రున తిరిగి ముందుకు ఉరుకుడు, ఇవి చేయాలె. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫాది, ఫిఫా 11+ అని ఒక వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు, పదిహేను ఎక్సర్‌సైజులు, వస్తువులు ఏం అక్కరలేదు, ఆన్‌లైన్‌ల ఫ్రీ. మోకాలు, తొడ ఎనుక కండరం దెబ్బలు మస్తు తగ్గుతయని తేలింది. వారానికి రెండు మూడుసార్లన్న చేయుండ్రి, నాకు ఆ వయసుల ఎవరన్న చెప్పి ఉంటే ఎంత బాగుండు అనిపిస్తది.

తిండికి పౌడర్ డబ్బాలు కొనకుండ్రి. రోజుకు రెండు మూడు గుడ్లు, పప్పు, పల్లీలు, జొన్నరొట్టె, పెరుగు, దొరికిన పండు, ప్రాక్టీస్ అయిన అర్ధగంట గంటల ఏదో ఒకటి తినాలె. ఏప్రిల్ మే నెలల్ల ఎనిమిది దాటినంక గ్రౌండ్ల ఉండొద్దు, మజ్జిగల ఉప్పేసుకొని తాగుండ్రి. బూట్ల విషయంల మంది పొరపాటు చేస్తరు, టీవీల చూసి పొడుగు స్టడ్స్ కొంటరు, గట్టి నేల మీద అవి దిగవు, బరువంతా మడిమ మీద మోకాలి మీద పడతది. చిన్న చిన్న రబ్బర్ స్టడ్స్ ఉన్న టర్ఫ్ బూట్లు తీసుకోవాలె, ధర కూడా తక్కువనే.

కాయితాలు, స్కూలు, టోర్నమెంట్లు

ఇక్కడనే మన పిల్లలు ఆగిపోతరు, ఆట రాక కాదు. బర్త్ సర్టిఫికెట్ల ఒక తారీఖు, ఆధార్ల ఒకటి, స్కూల్ బోనఫైడ్ల ఇంకొకటి. పదేండ్లప్పుడే మూడు ఒక్కటి చేయించుండ్రి. దేశ ఫుట్‌బాల్ సంఘం ఏఐఎఫ్ఎఫ్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఉంటది, క్లబ్బు ద్వారా అయితది, ఆ నంబర్ జీవితాంతం నీదే. ఏజ్ గ్రూప్ టోర్నమెంట్లకు మణికట్టు ఎక్స్‌రే తీసి బోన్ టెస్ట్ చేస్తరు, వయసు తగ్గించి రాయించినోళ్లు అక్కడ దొరికిపోతరు, దొరికితే ఆ పిల్లగాని పేరు ఖరాబ్ అయితది, తప్పు మాత్రం పెద్దోళ్లది.

దారి ఎట్లంటే, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు మండలం, జిల్లా, రాష్ట్రం అట్ల పోతయి. సుబ్రతో కప్ స్కూల్ టీములకు దేశం మొత్తంల పెద్ద టోర్నమెంట్, 1960 నుంచి నడుస్తుంది. చిన్న పిల్లలైతే నాలుగో తరగతి అడ్మిషన్‌కు హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఉంది, మన దిక్కు కరీంనగర్, ఆదిలాబాద్ల కూడా ఉన్నయి. సెలక్షన్ల ఉరుకుడు, దునుకుడు, మెడిసిన్ బాల్ విసురుడు అసొంటి టెస్టులు పెడతరు. ఏ ఆట ఎక్కడ ఉందో ఆ ఏడాది నోటిఫికేషన్ల చూసుకోవాలె. డిగ్రీకి వస్తే కాకతీయ యూనివర్సిటీ టీమ్, ఆ పైన రాష్ట్రాల టీములు ఆడే సంతోష్ ట్రోఫీకి తెలంగాణ టీమ్. 2024 డిసెంబర్ల సంతోష్ ట్రోఫీ ఫైనల్ రౌండ్ హైదరాబాద్లనే అయింది, మా పిల్లలను తీసుకపోయిన, బెంగాల్ డిఫెన్స్ ఎట్ల మాట్లాడుకుంటుందో స్టాండ్ల నుంచి ఇనుమని చెప్పిన.

ఆడపిల్లల అమ్మానాయినలకు ఒక మాట. నిజామాబాద్ బిడ్డ గుగులోత్ సౌమ్య ఫార్వర్డ్, ఇండియాకు ఆడింది, క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ దాకా పోయింది. డిఫెండర్లల్ల మణిపూర్ అశాలత దేవి ఇండియాకు వంద మ్యాచ్‌లు దాటింది. బిడ్డ గ్రౌండుకు పోత అంటే పంపుండ్రి, మొదటి నెల రోజులు మీరు కూడా వచ్చి కూసోండ్రి, మేము కుర్చీ వేస్తం.

ట్రయల్స్

దేశంల మెట్లు ఇట్ల ఉంటయి: పైన ఐఎస్ఎల్, దాని కింద ఇంకో మూడు దేశం లెవెల్ లీగులు (2025 దాకా వీటి పేర్లు ఐ-లీగ్, ఐ-లీగ్ 2, ఐ-లీగ్ 3), కింద రాష్ట్ర లీగులు. మనకు దగ్గర ఉన్న పెద్ద క్లబ్ ఇప్పుడు అజీజ్‌నగర్ల శ్రీనిధి డెక్కన్, హైదరాబాద్ ఎఫ్‌సీ 2025ల ఢిల్లీకి ఎల్లిపోయింది, ఆ రోజు మా గ్రౌండ్ల పిల్లల మొఖాలు చూడలేకపోయిన.

ట్రయల్ అంటే క్లబ్బు ఆడిపిచ్చి చూసి ప్లేయర్లను ఎంచుకునుడు, అండ్ల నువ్వు ఎవరో తెలియని పదిమంది తోని ఆడతవ్. అక్కడ డిఫెండర్ చేసే పెద్ద తప్పు, కనవడాలె అని బాల్ పట్టుకొని ముందుకు ఉరుకుడు. వద్దు. గ్రౌండ్ల అడుగుపెట్టంగనే పక్క డిఫెండర్ పేరు, కీపర్ పేరు అడుగు. మొదటి మూడు పాస్‌లు సింపుల్‌గ, దగ్గరోనికి. మొదటి టాకిల్ కన్నా ముందే నీ గొంతు ఇనవడాలె. తప్పు చేస్తే నెత్తి పట్టుకొని నిలబడకు, ఎనుకకు ఉరుకు, చూసేటోళ్లు ఆ ఉరుకుడునే రాసుకుంటరు.

ఇంకొకటి, బాధతోని చెప్తున్న. మా దగ్గరి ఒక పిల్లగానికి బయటి నుంచి వచ్చిన ఒకాయన ఏజెంట్ అని చెప్పి, ట్రయల్ ఇప్పిస్త అని వాళ్ల నాయిన దగ్గర ఇరవై ఐదు వేలు తీసుకున్నడు. ఆ నాయిన పత్తి అమ్మిన పైసలు అవి. పోయిండ్రు, అక్కడ గేటు కాడ అసలు ఆ రోజు ట్రయలే లేదన్నరు. నేను ముందే అడగనందుకు ఇప్పటికీ మనసుల ఉంటది. కాబట్టి పైసలు కడితే సెలక్షన్ అని ఎవడన్నా నమ్మొద్దు, క్లబ్ సొంత పేజీల తారీఖు ఉందా చూడు, ఫోన్ చేసి కనుక్కో. ఏజెంట్ అనేటోనికి ఫిఫా లైసెన్స్ ఉండాలె, అడిగితే చూపించాలె.

కాంట్రాక్ట్ చేతికొస్తే

ఆ రోజు ఇంట్ల పండుగే, కానీ సంతకం మరునాడు చేయుండ్రి. చదివి, ఎవరన్నా వకీలుకు చూపించి. ఫిఫా రూల్స్ ప్రకారం పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలతోని మూడేండ్ల కన్నా ఎక్కువ కాంట్రాక్ట్ ఉండొద్దు. మెడికల్ పాస్ అయితేనే ఇది చెల్లుతది అనే షరతు పెట్టొద్దు, మెడికల్ సంతకం కన్నా ముందే చేసుకోవాలె. రెండు నెలల జీతం ఆపితే రాతపూర్వకంగ నోటీస్ ఇచ్చి, పదిహేను రోజులు చూసి, బయటికి రావచ్చు. దెబ్బ తాకితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఆ నెలల జీతం ఇస్తరా లేదా, ఈ రెండు లైన్లు కాయితం మీద ఉన్నయా లేదా ఎతుకు. 2025ల ఐఎస్ఎల్ సీజన్ టైముకు మొదలు కాక ప్లేయర్లు నెలల తరబడి ఏమైతదో తెలియకుండ కూసున్నరు, పెద్ద పెద్ద పేర్లోళ్లే. అందుకే జీతం వచ్చిన మొదటి నెల నుంచే సగం పక్కకు పెట్టుడు నేర్వాలె.

మోకాలు

డిఫెండర్‌కు భయం ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే కట్టు తెగుడు. గిర్రున తిరిగినప్పుడు టప్పున చప్పుడు, గంటల మోకాలు ఉబ్బుతది. నాకు ఇరవై మూడేండ్లప్పుడు అట్లనే అయింది, పసరు కట్టు కట్టి నెల రోజులల్ల మళ్ల ఆడిన, దాంతోని పక్కన ఉన్న మెత్తటి ఎముక కూడా పోయింది, నా ఆట అక్కడ ఆగింది. ఇండియా డిఫెండర్ సందేశ్ జింగన్‌కు 2019ల ఇదే దెబ్బ, ఆ సీజన్ మొత్తం పోయింది, కానీ ఓపికగ బాగు చేసుకొని తిరిగొచ్చిండు, ఇండియాకు మళ్ల ఆడిండు, 2021ల క్రొయేషియా క్లబ్ల చేరిండు. తేడా ఏందంటే ఎంఆర్ఐ, సరైన డాక్టరు, తొమ్మిది నెలల ఫిజియో. మోకాలు ఉబ్బితే కట్టు కట్టేటోని దగ్గరికి కాదు, ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి పోవాలె, అదే రోజు.

ఆట తర్వాత

ప్రో కెరీర్ బాగ నడిచినా ముప్పై ఐదు దాకా. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ ఆపకుండ్రి, ఓపెన్ల అయినా చదవాలె. రైల్వేల, పోలీసుల, ఆర్మీల స్పోర్ట్స్ కోటా ఉంటది, దానికి చదువు సర్టిఫికెట్, ఆడిన టోర్నమెంట్ సర్టిఫికెట్ రెండూ కావాలె, కాబట్టి జిల్లా లెవెల్ నుంచి ప్రతి కాయితం లామినేషన్ చేయకుండ ఫైల్ల పెట్టుకో, కొన్ని చోట్ల లామినేషన్ చేసినవి వెరిఫికేషన్ల ఇబ్బంది పెడతరు. కోచ్ అవుదామనుకుంటే ఏఐఎఫ్ఎఫ్ డి లైసెన్స్ నుంచి మొదలు, తర్వాత ఏషియా ఫుట్‌బాల్ సంఘం ఏఎఫ్‌సీ లైసెన్సులు సి, బి, ఎ, ప్రో. నేను డి చేసిన, సి కోసం చదువుతున్న.

జూన్ల వానలు పడంగనే గడ్డి జర వస్తది, స్లైడ్ టాకిల్ అప్పుడు మొదలు పెడతం. తాడు నా దగ్గర ఉంది, షిన్ గార్డ్స్ లేనోళ్లు కొనకుండ రాండ్రి, పాతయి నాలుగైదు జతలు ఉన్నయి.